కోతి ఎప్పుడు చెట్టు దిగుతుంది?

నిలకడ లేని మనిషిని మన దగ్గర కోతిబుద్ధి మనిషి అంటారు. ఈ కొమ్మను వదిలి ఆ కొమ్మకు దూకడం, చెట్టు నిండా కాయలుండగానే ఇంకో చెట్టు పట్టుకోవడం, చేతిలోని పండును సగం కొరికి పారేయడం, ఇవన్నీ చూసి పెద్దలు ఆ మాట పుట్టించి ఉంటారు. నేను ఇరవై రెండేళ్ళుగా ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నాను. ఆ మాటను నేనూ పిల్లల మీద ఎన్నోసార్లు వాడాను. ఇప్పుడు మానేశాను. ఆ జంతువును గురించి ఆ మాట చెప్పేది నిజం కాదని నాకు నమ్మకం కుదిరింది. అంతకన్నా బాధ కలిగించే సంగతి ఏమిటంటే, ఆ తప్పు అంచనాను పట్టుకొనే మనం మన చేలకు కాపలా కాస్తున్నాము, ఏటేటా నష్టపోతున్నాము.

మా ఊరు దేవరకొండ నుంచి డిండి వైపు పోయే దారిలో, గుట్టల వరుస కింద ఉంటుంది. ఆ గుట్టల మీది సీతాఫలం చెట్లను ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. రాళ్ళ సందుల్లో వాటంతటవే మొలిచి, వానాకాలం చివర కాయలతో వంగిపోతాయి. బాలానగర్ సీతాఫలానికి ఉన్న పేరు మా గుట్టకాయకు లేదు కాని, రుచిలో మాత్రం తీసిపోదు. రెండేళ్ళ కిందట దసరా సెలవుల్లో నేను ఒక నోటుపుస్తకం, చేతి గడియారం పెట్టుకొని, గుట్ట మొదట్లో బండ మీద కూర్చుని, చెవి కొస చిరిగిన ఒక ఆడకోతిని వరుసగా ఐదు రోజులు పొద్దున పూట చూశాను. పొట్టకు పిల్లను కరుచుకొని తిరిగే ఆ కోతిని మందలో గుర్తుపట్టడం కష్టం కాలేదు.

కాయ దగ్గరికి రాగానే అది ముందు ముక్కు ఆనించి చూసేది, తరువాత బొటనవేలితో నొక్కేది. మా వైపు ‘కండ్లు తెరిచిన కాయ’ అంటారు. మీది బుడిపెల నడుమ గీతలు విచ్చుకొని, లోపలి నుంచి పసుపు కలిసిన తెలుపు కనిపించే కాయ అది, ఇవాళో రేపో పండుతుంది. కండ్లు తెరవని కాయను ఆ కోతి కొరికేది కాదు, తడిమి వదిలేసేది. ఒక పండు తినడం అయిపోయి ఇంకొకటి చేతికి అందడానికి, చెట్టెక్కిన మొదట్లో, పది పన్నెండు సెకన్లు పట్టేది. నాలుగో పండు తరువాత ఆ వెతుకులాట నిమిషం దాటేది. అప్పుడు, కండ్లు తెరిచిన కాయలు ఇంకా ఒకటి రెండు కింద ఉన్న నాకే కనిపిస్తుండగా, అది పక్కచెట్టుకు దూకేది. చూసేవారికి అది అచ్చంగా కోతిబుద్ధే.

గుట్ట దిగి, మా చెలక దాటితే, గెట్టు మీద ఒంటరిగా ఇంకొక సీతాఫలం చెట్టు ఉన్నది. గుట్ట నుంచి అక్కడికి రావాలంటే కుక్కలున్న దొడ్డి పక్క నుంచి, దాక్కోవడానికి పొద కూడా లేని దున్నిన నేల మీదుగా పరుగెత్తాలి. ఆ చెట్టెక్కిన రోజున అదే కోతి, అదే వారంలో, చెట్టంతా గాలించింది. ఆకుల వెనుక చేయి పెట్టి తడిమింది, ఒకసారి చూసిన కొమ్మకే మళ్ళీ వచ్చింది, ఆఖరి పండు కోసం నాలుగు నిమిషాలకు పైగా వెతికింది. ఒకే కోతికి గుట్ట మీద ఒక బుద్ధి, గెట్టు మీద ఒక బుద్ధి ఎట్లా వచ్చింది? ఐదు రోజుల నోటుపుస్తకాన్ని శాస్త్రం అనలేము. అయినా ఆ ప్రశ్నకు జవాబు శాస్త్రంలో దాదాపు యాభై ఏళ్ళుగా ఉన్నది.

1976లో ఎరిక్ చార్నోవ్ అనే అమెరికా జీవావరణ శాస్త్రవేత్త ఒక గణిత వాదనను ప్రచురించాడు. మేత ఎక్కడా సమంగా పరుచుకొని ఉండదు. ఒక చెట్టు, ఒక పొద, ఒక మడి, ఇట్లా తావులు తావులుగా ఉంటుంది, తావుకూ తావుకూ నడుమ ఏమీ దొరకని నడక ఉంటుంది. ఏ తావులోనైనా మొదట సులువుగా దొరుకుతుంది, తింటున్న కొద్దీ దొరకడం మందగిస్తుంది. మరి ఎప్పుడు లేవాలి? ఈ తావులో ఇప్పుడు దొరుకుతున్న రేటు, నడకకు పట్టే సమయాన్ని కూడా కలుపుకొని లెక్కగట్టిన మొత్తం ప్రాంతపు సగటు రేటుకు దిగివచ్చినప్పుడు లేవాలి అని చార్నోవ్ చూపించాడు. దీన్ని ఉపాంత విలువ సిద్ధాంతం అంటారు. తావుల నడుమ దూరం పెరిగితే ఉన్నచోట ఎక్కువసేపు ఉండాలని, చుట్టుపక్కల సగటు పెరిగితే ఉన్నచోటును తొందరగా, ఇంకా మిగిలి ఉండగానే, వదలాలని ఈ సిద్ధాంతం నుంచి నేరుగా తేలుతుంది. గుట్ట మీద పక్కపక్కనే పండిన చెట్లున్నప్పుడు ఒక చెట్టును ఖాళీ చేసేదాకా కూర్చునే కోతి ఆ రోజు మొత్తం మీద తక్కువ తింటుంది. గెట్టు మీది ఒంటరి చెట్టును సగంలో వదిలే కోతి కూడా తక్కువే తింటుంది. చెవి చిరిగిన కోతి రెండు చోట్లా సరిగ్గానే చేసింది.

చార్నోవ్ పేరు వినక ముందే ఈ లెక్కను నేను పరిగ ఏరుతూ చూశాను. మా అమ్మగారి ఊరు అచ్చంపేట వైపు. అక్కడ యాసంగిలో పల్లి పీకేసిన చేలల్లో, భూమిలో మిగిలిపోయిన కాయల కోసం మా అవ్వ నన్ను వెంటబెట్టుకొని పోయేది. నేను ఒకచోట నాలుగు కాయలు దొరికితే ఆ చోటును వదలకుండా మన్ను తవ్వుతూనే ఉండేదాన్ని. అవ్వ మాత్రం ‘రెండు మూడు మాట్లు ఒట్టి మన్నే వస్తే లేవాలె బిడ్డా, ఆడ్నే కూసుంటే సంచి నిండదు’ అనేది. అదే అవ్వ ఇంకొక రోజు, అవతలి చేనుకు పోవాలంటే వాగు దాటవలసి ఉన్నప్పుడు, ‘ఈడ్నే ఊడ్చుకొని పోదాం, కాళ్ళు గుంజుతయి’ అని నన్ను ఒకే సాలు మీద చాలాసేపు కూర్చోబెట్టింది. చదువు రాని ఆమె దూరాన్ని, సగటును కలిపి చూసి నిర్ణయం మార్చుకున్నది. నేను అప్పుడు దాన్ని ఆమె ఇష్టమనుకున్నాను.

ఇట్లా కోతిలోనూ మా అవ్వలోనూ ఒకే లెక్క పనిచేస్తున్నదంటే, ఆ లెక్క తల లోపల ఎక్కడో జరుగుతూ ఉండాలి. మెదడును రెండు అర్ధగోళాలుగా విడదీసే చీలిక లోపలి గోడ మీద, ఆ రెండింటినీ కలిపే నరాల వంతెనకు పైన, ముందు వైపున ఒక పట్టీ ఉంటుంది. దాని పేరు యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్. 2011లో బెంజమిన్ హేడెన్, జాన్ పియర్సన్, మైకేల్ ప్లాట్ రీసస్ జాతి కోతుల మెదడులో ఈ పట్టీ పైభాగంలోని నాడీకణాల విద్యుత్ సంకేతాలను ఒక్కొక్కటిగా విన్నారు. కోతి ఒక తెర ముందు కూర్చుంటుంది. తెర మీది ఒక గుర్తు వైపు చూపు నిలిపితే కాసేపట్లోనే నోట్లో పండ్లరసం పడుతుంది, కాని అదే గుర్తును మళ్ళీ మళ్ళీ ఎంచుకుంటే ప్రతిసారీ రసం తగ్గుతూ పోతుంది. రెండో గుర్తు వైపు చూస్తే కొన్ని సెకన్లపాటు ఏమీ రాదు. ఆ నిరీక్షణ ఎంతసేపో గుర్తు పొడవును బట్టే తెలిసిపోతుంది. అది గడిచాక రసం మళ్ళీ మొదటి మోతాదుకు వస్తుంది. మొదటి గుర్తు ఎక్కి ఉన్న చెట్టు, రెండోది నడిచి చేరవలసిన కొత్త చెట్టు అనుకుంటే సరిపోతుంది. నిరీక్షణను పొడిగించిన కొద్దీ కోతులు తగ్గుతున్న రసం దగ్గరే ఎక్కువసేపు ఉన్నాయి, చార్నోవ్ లెక్క చెప్పిన తీరుకు దగ్గరగా.

నన్ను కదిలించింది ఆ నాడీకణాల తీరు. కోతి నిర్ణయం తీసుకునే ప్రతిసారీ ఆ కణాలు కొద్దిసేపు స్పందించాయి. ‘ఇంకొకసారి ఉందాం’ అన్న ప్రతి నిర్ణయంతో ఆ స్పందన ముందటి కన్నా హెచ్చింది. అది ఒక మట్టానికి చేరాక కోతి లేచింది. వాన పడుతున్న కొద్దీ కుంటలో నీళ్ళు పైకి వచ్చి, అలుగు మట్టం దాటగానే పారినట్టుగా ఉంటుంది ఆ తీరు. నడక దూరమైనప్పుడు అలుగు ఎత్తు పెరుగుతుంది, కుంట నిండడం కూడా నెమ్మదిస్తుంది. కోతి ఉన్నట్టుండి దూకిందని మనం బయటి నుంచి చూసేది ఆఖరి చుక్కను మాత్రమే. ఆ కుంట అప్పటికి చాలాసేపటి నుంచి నిండుతూ ఉన్నది.

ఈ జ్ఞానం ఊరికే రాలేదని ఇక్కడ చెప్పకుండా ఉండలేను. పుర్రెకు రంధ్రం చేసి, సన్నని తీగ దించి, కుర్చీలో కూర్చోబెట్టిన జంతువుల నుంచి వచ్చింది ఇది. 1978లో మన దేశం రీసస్ కోతుల ఎగుమతిని నిషేధించేదాకా విదేశీ ప్రయోగశాలలకు ఎన్నో కోతులు ఇక్కడి నుంచే పోయాయి. వాటి ప్రాణాలతో సంపాదించిన తెలివిని వాటి జాతిని అర్థం చేసుకోవడానికైనా మనం వాడుకోవాలని నా గట్టి కోరిక.

సగటును తెలుసుకోవాలంటే గతం గుర్తుండాలి. స్టీవెన్ కెన్నర్లీ, మాథ్యూ రష్‌వర్త్, వారి సహచరులు 2006లో చూపించింది ఇదే: సింగ్యులేట్ పట్టీలో ఒక భాగం దెబ్బతిన్న కోతులు ఇప్పుడే జరిగిన పొరపాటుకు మామూలుగానే స్పందించాయి, కాని అంతకు ముందటి అనుభవాలన్నింటినీ కలిపి చూసుకొని మంచి ఎంపిక మీద నిలబడలేకపోయాయి. నిజమైన నిలకడలేనితనం అంటే అదీ. ఆ పట్టీ బాగున్న కోతికి ఆ జబ్బు లేదు.

మనుషుల విషయంలో 2012లో నిల్స్ కోలింగ్, రష్‌వర్త్ బృందం ఆక్స్‌ఫర్డ్‌లో మెదడు స్కానింగుతో చేసిన పరిశీలన ఈ కథను ఇంకొంత లోతుకు తీసుకుపోయింది. ‘ఈ రెండింటిలో ఏది మేలు?’ అన్న ప్రశ్నకు నొసటి వెనుక, లోపలి కింది భాగం ఎక్కువగా పని చేసింది. ‘ఈ రెండింటినీ వదిలి ఇంకా మంచిది వెతుక్కుంటూ పోదామా?’ అన్న ప్రశ్నకు సింగ్యులేట్ పట్టీ పని చేసింది. బయట దొరకగల వాటి సగటు విలువ, వెతకడానికి అయ్యే ఖర్చు, రెండూ అక్కడ కనిపించాయి. అంగడిలో రెండు కుప్పల ముందు నిలబడి బేరమాడడం వేరు, ఈ అంగడే వద్దని పక్క ఊరి అంగడికి బయలుదేరడం వేరు. మెదడు ఆ తేడాను పాటిస్తున్నది. ఏ అడవిలోనూ రెండు పండ్లు పళ్ళెంలో పెట్టినట్టు పక్కపక్కన ఎదురుకావు గనుక, ‘ఉండాలా, పోవాలా’ అన్నదే పాత ప్రశ్న, అసలైన ప్రశ్న అని నేను అనుకుంటాను.

దీన్ని అందరూ ఒప్పుకోలేదు. 2014లో అమితాయ్ షెన్హావ్, మాథ్యూ బాట్‌వినిక్, జొనాథన్ కోహెన్ తదితరులు, ఆ పట్టీ కొలుస్తున్నది వెతుకులాట విలువను కాదు, నిర్ణయం ఎంత కష్టమైందన్న సంగతిని అని వాదించారు. రెండు పక్కలూ సమంగా తూగినప్పుడే పట్టీ ఎక్కువగా పని చేస్తున్నదని వారు చూపించారు. ఈ అభ్యంతరం బలమైనది. లేచిపోవలసిన క్షణం దగ్గరపడిన కొద్దీ నిర్ణయం కష్టం కావడం కూడా సహజమే గనుక, ఒకదాని నుంచి ఒకదాన్ని విడదీయడం తేలిక కాదు. అయినా వరుస నిర్ణయాల పొడుగునా మెట్టు మెట్టుగా ఎక్కి, ఒక మట్టం దగ్గర ఆగే ఆ కణాల తీరును ‘కష్టం’ అన్న ఒక్క మాటతో వివరించడం నాకు సరిపోయినట్టు అనిపించదు. నా మొగ్గు ఎటో దాచుకోవడం లేదు.

కోతికి ఓపిక లేదన్న మాటకు కూడా చాలాకాలం ప్రయోగశాలల ఆధారం ఉండేది. ఇప్పుడు కొంచెమా, కాసేపాగి ఎక్కువా అని అడిగితే కోతులు ఎక్కువగా ఇప్పుడు కొంచెమే తీసుకునేవి. 2015లో టామీ బ్లాంచార్డ్, హేడెన్ అదే కోతులను వేరే రీతిలో అడిగారు: ఎదురైన ఒక్క మేతను తీసుకోవాలా, వదిలి ముందుకు పోవాలా? ఆ రూపంలో అడిగినప్పుడు అవే కోతులు ఎంతో ఓపిక చూపించాయి. తొందరపాటు అనుకున్నదాంట్లో చాలా భాగం, అడవిలో ఎన్నడూ ఎదురుకాని ప్రశ్నను వాటిని అడగడం వల్ల వచ్చింది. పిల్లలకు పరీక్షలు పెట్టే నాకు ఈ ఫలితం చాలా రోజులు మనసులో మెదిలింది.

ఇక గుర్తు పెట్టుకోవడం గురించి. ఉగాండాలోని కిబాలే అడవిలో కార్లైన్ యాన్‌మాట్, ఆమె సహచరులు మాంగబే అనే కోతులను నెలల తరబడి అనుసరించి, 2006లో ఒక సంగతి ప్రకటించారు. ఒకసారి చూసిన మేడిజాతి చెట్టుకు ఆ కోతులు మళ్ళీ పోవడం మధ్యలో గడిచిన రోజుల వాతావరణాన్ని బట్టి ఉన్నది. ఎండ కాసిన వెచ్చని రోజుల తరువాత పోయాయి, మబ్బు పట్టిన చల్లని రోజుల తరువాత అంతగా పోలేదు. ఎండకు కాయ తొందరగా పండుతుంది కదా. ఐవరీ కోస్ట్‌లోని తాయ్ అడవిలో ఆడ చింపాంజీలు, తొందరగా అయిపోయే మేడిజాతి పండ్లు దూరాన ఉన్నప్పుడు, చిరుతల భయమున్న చీకటిలోనే గూడు విడిచి బయలుదేరుతాయని ఆమె బృందమే 2014లో రాసింది. అక్కడ సగటు కేవలం వెనుకటి లెక్క కాదు, రేపటి అంచనా కూడా.

పండ్ల మీద బతకడం ఎంత తెలివిని అడుగుతుందో కాథరిన్ మిల్టన్ 1981లోనే వాదించింది. పనామాలోని బారో కొలరాడో దీవిలో రెండు జాతుల కోతులు ఒకే అడవిలో, ఇంచుమించు ఒకే బరువుతో బతుకుతాయి. ఎక్కువగా ఆకులు తినే హౌలర్ కోతి మెదడు దాదాపు 50 గ్రాములు. ఎక్కువగా పండ్లు తినే స్పైడర్ కోతి మెదడు దాదాపు 107 గ్రాములు. ఆకు ఎటు చూసినా ఉంటుంది. పండు ఎక్కడ, ఎప్పుడు, ఎన్నాళ్ళు అన్నది తెలిసి ఉండాలి. 2017లో అలెక్స్ డికేసియన్ తదితరులు 140కి పైగా ప్రైమేట్ జాతులను (కోతులు, చింపాంజీల వంటివి చేరే వర్గం) పోల్చి, మెదడు పరిమాణాన్ని గుంపు పెద్దదనం కన్నా ఆహారమే బాగా సూచిస్తున్నదని చెప్పారు. మహబూబ్‌నగర్ పక్కన మూడెకరాలకు పైగా పరుచుకొన్న పిల్లలమర్రిని చూసినప్పుడల్లా, కాయ కాసిన అటువంటి చెట్టు ఒక కోతి జ్ఞాపకంలో ఎంత చోటు తీసుకుంటుందో అని ఆలోచిస్తాను.

ఇప్పుడు చేను దగ్గరికి వస్తాను. మా పెద్దనాయన మూడేళ్ళ కిందట మూడెకరాల్లో పల్లి వేశాడు. కోతులు మొక్కను పీకి, కాయలను దవడ సంచుల్లో నింపుకొని, గెట్టు అవతలి వేపచెట్టెక్కి అక్కడ తీరికగా వొలుచుకొనేవి. ఆయన మంచె కట్టాడు, వడిసెల తిప్పాడు, పైపులో కార్బైడు వేసి పేల్చాడు, చివరికి కుక్కల అరుపులు నింపిన మైకు సెట్టు తెచ్చి పెట్టాడు. మొదటి రోజు మంద గుట్ట దాకా పారిపోయింది. రెండో రోజు వేపచెట్టు దాకా పోయింది. ఐదో రోజున ఒక పెద్ద మగకోతి ఆ మైకు పక్కనే కూర్చుని కాయ వొలుచుకున్నది. ‘మనం లేసిపోయే యాళ్ళ దానికి ఎరుక బిడ్డా, బువ్వకు పోయినమా, దిగుతది’ అన్నాడు పెద్దనాయన. ఆ ఏడు పెట్టుబడి కూడా చేతికి రాలేదు. మరుసటి ఏడు ఆయన పల్లి మానేసి పత్తి వేశాడు. మా చుట్టుపక్కల కూరగాయలు, పల్లి మానేసినవారు ఆయనొక్కడే కాదు.

జోయెల్ బ్రౌన్ 1988లో చార్నోవ్ లెక్కకు ఒక ముఖ్యమైన చేర్పు చేశాడు. ఒక తావును వదిలే క్షణంలో అక్కడ దొరుకుతున్నది మూడు ఖర్చుల మొత్తానికి సమానంగా ఉంటుంది: శ్రమ, ప్రాణభయం, మరోచోట పోగొట్టుకుంటున్న లాభం. మన చప్పుళ్ళన్నీ రెండో ఖర్చును పెంచే ప్రయత్నాలే. అయితే ఆ ఖర్చును లెక్కగట్టేది మైకు కాదు, కోతి మెదడు. వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన ప్రయోగాల వల్ల, 1997 నాటికి, డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే మెదడు కణాలు ప్రతిఫలానికి కాక, అనుకున్నదానికీ వచ్చినదానికీ ఉన్న తేడాకు స్పందిస్తాయని స్పష్టమైంది. అనుకోని రసం పడితే అవి చెలరేగుతాయి; ముందే తెలిసిన రసానికి చలించవు; రావలసినది రాకపోతే మందగిస్తాయి. భయానికి మెదడులో వేరే దారులు కూడా ఉన్నాయి గాని, నేర్చుకొనే పద్ధతి ఇటువంటిదే. కుక్క అరుపు వినిపించి కుక్క రాకపోతే, మరుసటిసారికి ఆ అరుపు విలువ తగ్గుతుంది. నాలుగు రోజుల్లో అది గాలి చప్పుడుతో సమానమవుతుంది. వేళ తప్పకుండా పేలే పైపు కన్నా, ఏ గడియలో ఏ మూల నుంచి వస్తాడో తెలియని ఒక మనిషి, అతని వెంట నిజమైన కుక్క ఎక్కువ ఖర్చు అనిపించడం ఇందువల్లనే. పెద్దనాయన బువ్వ వేళను రోజూ మార్చి ఉంటే కొంత దక్కేదని ఇప్పుడు నాకు తోస్తుంది.

కొంతే. ఎందుకంటే భయంతో ఒక చేనును కాపాడితే మంద పక్కవారి చేనుకు పోతుంది. మూడో ఖర్చును, అంటే మరోచోట దొరకగలిగే దాన్ని, ముట్టుకోనంత కాలం ఊరి నష్టం తగ్గదు. ఆ మూడో ఖర్చును మనం చాలాకాలంగా తలకిందులు చేస్తున్నాము. మన్ననూరు దాటి శ్రీశైలం పోయే దారిలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యం నడుమ, కార్లు ఆపి అరటిపండ్లు, బిస్కెట్లు విసిరేవాళ్ళను అందరం చూశాము. అటవీశాఖ వద్దని బోర్డులు పెట్టింది. పుణ్యం కోసం విసిరిన ఆ పండు కోతి తలలోని సగటును పెంచుతుంది. సగటు పెరిగితే, చార్నోవ్ చెప్పినట్టే, అది అడవిలోని చెట్టును ఇంకా కాయలుండగానే వదులుతుంది. ఇంటింటి చెత్తకుప్ప, గుడి ముందటి కొబ్బరిచిప్ప కూడా ఆ లెక్కలో చేరతాయి. అడవిలో ఏమీ లేక కోతులు ఊళ్ళకు వచ్చాయని మనం అంటాము. అది సగం నిజం. ఊరి సగటు అడవి సగటును మించిపోయిందన్నది పూర్తి నిజం.

2015లో తెలంగాణలో మొక్కలు నాటే హరితహారం కార్యక్రమం మొదలైనప్పుడు ‘వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె’ అన్న నినాదం ఊరూరా వినిపించింది. తరువాత కోతుల కోసమని గ్రామాల్లో పండ్ల మొక్కలు నాటించి వాటికి మంకీ ఫుడ్ కోర్టులని పేరు పెట్టారు. కోతి ఆకలిని గుర్తించిన ఆ ఆలోచనను నేను గౌరవిస్తాను. కాని మా ఊరిలో ఆ మొక్కలను బడి వెనుక, ఇళ్ళకు కూతవేటు దూరంలో, చేల పక్కనే నాటారు. దానివల్ల తావుల నడుమ నడక తగ్గిపోతుంది. ఇక్కడ నాలుగు జామకాయలు కొరికి, అక్కడ నాలుగు పల్లి మొక్కలు పీకి, మళ్ళీ ఇటు రావడానికి ఏ ఖర్చూ ఉండదు. ఊరి పక్కన పండ్లతోట పెట్టడం ఊరి సగటును ఇంకా పెంచడమే.

నేను గ్రామసభలో అడిగింది ఏమిటంటే, ఆ తోటను గుట్టకు అవతలి వాలులో పెట్టాలని, అందులోనూ ఏ చెట్లు అన్నది నెలలను చూసి నిర్ణయించాలని. మా గుట్టల మీద వానాకాలం చివర సీతాఫలం ఉంటుంది, చలికాలంలో రేగు ఉంటుంది, ఎండాకాలంలో మొర్రి, తునికి, పాలపండ్లు, ఆ వెంటనే నేరేడు వస్తాయి. రేగు అయిపోయి మొర్రి ఇంకా రాని మాఘ ఫాల్గుణాల్లో గుట్ట దాదాపు ఖాళీ. సరిగ్గా అప్పుడే యాసంగి పల్లిలో గింజ నిండుతుంది. ఆ రెండు నెలలను దాటించగలిగేవి మర్రి, రావి, జువ్వి, మేడి చెట్లు. ఈ జాతిలో ఏ చెట్టు కాపు దానిదే. ఒకటి పండి రాలిపోయేసరికి ఇంకొకటి మొదలుపెడుతుంది. అవి పెరగడానికి ఏళ్ళు పడుతుందని ఒక పెద్దమనిషి అన్నాడు. పడుతుంది. అందుకే ఈ వానలకే నాటాలని అన్నాను. చివరికి గుట్ట అవతల అరవై గుంతలకు ఒప్పుకున్నారు, బడి వెనుక జామమొక్కలను మాత్రం తీయలేదు.

కిందటి దసరాకు మళ్ళీ అదే బండ మీద కూర్చున్నాను. చెవి చిరిగిన కోతి వచ్చింది. అప్పటి పిల్ల ఇప్పుడు పొట్టను వదిలి విడిగా తిరుగుతున్నది. తల్లి నొక్కి వదిలేసిన కాయ దగ్గరికే పోయి, తానూ ముక్కు ఆనించి, తానూ నొక్కి చూసింది. మూడు పండ్లయ్యాక తల్లి పక్కచెట్టుకు దూకింది, కాసేపటికి అక్కడి నుంచి ఇంకొక చెట్టుకు పోయింది. పిల్ల మాత్రం మొదటి చెట్టులోనే ఆకులు తడుముతూ ఉండిపోయింది. ఏమీ దొరకలేదు. తల్లి అవతలి చెట్టు నుంచి కూత పెట్టాక గాని అది కదలలేదు. ఒట్టి చెట్టులో దాని వెతుకులాట రెండు నిమిషాల నలభై సెకన్లని నోటుపుస్తకంలో రాసుకొని, పక్కన ‘పిల్ల’ అని రాశాను.